మా వైపు మేళానికి ఒక శభాష్

పెళ్ళికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు తిరుగు ప్రయాణంలో ఏం మాట్లాడుకుంటారు? పెళ్ళికూతురి మెడలో ఎన్ని తులాలు, ఆ పట్టుచీర ఎక్కడ కొన్నారు, సాంబారులో ఉప్పు ఎక్కువైందా, మగపెళ్ళివారి ఆడబిడ్డ ఎందుకు మూతి ముడుచుకుని కూర్చుంది... ఇవే కదా! నేనూ అందులోదాన్నే, అబద్ధమెందుకు? కానీ మొన్న వైశాఖంలో గిద్దలూరులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి చూసుకుని మార్కాపురం తిరిగి వస్తుంటే, వ్యానులో ఉన్న పద్దెనిమిది మందిమీ మాట్లాడింది ఒక్కదాని గురించే. మేళం గురించి!

కంభం దాటినా ఆ మాటే. తర్లుపాడు వైపు మా పిన్నిగారు దిగిపోతూ, "నగలదేముందమ్మాయ్, డబ్బుంటే ఎవరైనా పెడతారు. ఆ డోలు కుర్రాడి చేతులకు దిష్టి తియ్యాల" అనేసి వెళ్ళింది. మా పిన్నిగారు ఒకరిని మెచ్చుకోగా నేను పెళ్ళయి వచ్చాక వినడం ఇదే మొదటిసారి.

అసలు జరిగిందేమిటంటే... ముహూర్తం పది గంటల నలభై నిమిషాలకు. మగపెళ్ళివారు ఎప్పుడూ లేనిది తొమ్మిదిన్నరకే వచ్చేశారు. పంతులుగారు గౌరీపూజ ముగించి, "ఇంకా ముప్పావుగంట ఉంది, ఎవరూ తొందరపడకండి" అని తీరిగ్గా కూర్చున్నారు. మైకులో సినిమా పాటలు మోగిపోతున్నాయి. అంతలో ఫెళ్ళున కరెంటు పోయింది. వైశాఖమాసం, గిద్దలూరు ఎండ, చుట్టూ నల్లమల కొండలున్నా గాలి అన్నది లేదు. జనరేటరు వేయబోతే అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది. నాలుగు వందల మంది ఒక్కసారిగా శుభలేఖలతో విసురుకోవడం మొదలుపెట్టారు. మా ఆడపడుచు ముఖం చూడాలి, ఏడుపొక్కటే తక్కువ.

ఆ నిశ్శబ్దంలో మేళం మొదలైంది. నిజానికి వాళ్ళు తెల్లవారి నుంచీ వాయిస్తూనే ఉన్నారట. మైకు హోరులో ఎవరికి వినపడింది గనక!

ఐదుగురు మనుషులు. సన్నాయిలు రెండు, అన్నదమ్ములు. పెద్దవాడికి ముప్పై ఏళ్ళుంటాయి. డోళ్ళు రెండు, ఒకాయన యాభై దాటినవాడు, రెండోవాడు మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. ఇంకొక ముసలాయన శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని తాళాలు పట్టుకున్నాడు. మనం సన్నాయి అని పిలుస్తాం గానీ ఇప్పుడు మనవైపు వాయించేది చాలామటుకు నాదస్వరమే, పొడుగ్గా రెండున్నర అడుగులుంటుంది.

పెద్దవాడు రాగం తీశాడు. నాకు రాగాల పేర్లు తెలియవు. ఇంటర్‌తో చదువాపిన దాన్ని, సంగీతం ఎక్కడ నేర్చుకుంటాను? పక్కన కూర్చున్న మా అత్తగారు మాత్రం "కల్యాణి" అంది. మా అత్తగారికి చెవులు సరిగా వినపడవు. కూరలో ఉప్పు చాలా అంటే పప్పు ఉడికిందంటుంది. అటువంటి మనిషి, ఎవరూ అడక్కుండా, కళ్ళు మూసుకుని "కల్యాణి" అంది. వాళ్ళ నాయన రోజుల్లో ఊళ్ళో తిరునాళ్ళకు రాత్రంతా మేళం కచేరీలు జరిగేవట. పిల్లలు రథం కిందే నిద్రపోతూ వినేవాళ్ళట. నాకు ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగిందీ లేదు!

మొదట ఎవరూ పట్టించుకోలేదు. తరవాత ముందు వరసలోవాళ్ళు విసురుకోవడం ఆపారు. ఆయన కింది నుంచి మెల్లగా ఎక్కుతూ, ఒకచోట ఆగి, అక్కడే అటూ ఇటూ తిరిగి, మళ్ళీ పైకి ఎక్కాడు. మెట్లబావిలో నుంచి బిందెతో పైకి వస్తున్నట్టుగా, ఒక్కో మెట్టూ చూసుకుంటూ! పైన ఒక స్వరం మీద నిలబెట్టాడు చూడండి, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో నాకైతే తెలియలేదు. మగపెళ్ళివారిలో ఒక పెద్దమనిషి, అంతదాకా జనరేటరువాణ్ణి తిడుతున్నాయన, "భళా!" అనేశాడు. అని, తనే సిగ్గుపడి చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. ఆ ఒక్క మాటతో కట్ట తెగినట్టయింది. అటునుంచి ఒకరు ఆహా అన్నారు, ఇటునుంచి ఒకరు శభాష్ అన్నారు. సన్నాయి అతను కళ్ళతోనే నమస్కారం పెట్టి ఇంకా గట్టిగా పట్టాడు.

తరవాత డోళ్ళు అందుకున్నాయి. అబ్బబ్బ! పెద్దాయన ఒక ముక్క వాయిస్తే, కుర్రాడు అదే ముక్కను తిరిగి ఒప్పజెప్పాడు, చివర్లో తన సొంతం రెండు దెబ్బలు కలిపి. ఈయన ఇంకో ముక్క, వాడు ఇంకో జవాబు. పోనుపోను ముక్కలు చిన్నవవుతూ వచ్చాయి. వాకిట్లో అత్తాకోడళ్ళు వాదించుకుంటే చివరికి ఒక్కొక్క మాటకు దిగుతారే, అట్లా! కడకు ఇద్దరూ కలిసి ఒకటే తుంపర. పిల్లలు స్టేజీ ముందు చేరి గంతులు. వంటశాలలో నుంచి వంటవాళ్ళు గరిటెలతో సహా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. అలసంద వడలు మాడిపోతాయని మా ఆడపడుచు అరిచినా ఒక్కడూ కదల్లేదు.

ముగింపు దెబ్బ పడగానే చప్పట్లు. పెళ్ళిమండపంలో చప్పట్లు నేనెప్పుడూ వినలేదు, కొత్తజంటకు తప్ప. మా అత్తగారు లేచి, కర్ర సాయంతో నడుచుకుంటూ పోయి, కొంగుముడి విప్పి, మడతలు పడిన వంద రూపాయల నోటు తీసి కుర్రాడి చేతిలో పెట్టింది. "ఎవరి కొడుకువురా నువ్వు?" అంది. వాడు పక్కనున్న డోలు పెద్దాయన్ని చూపించాడు. "మీ నాయన కంటే బాగా వాయించినావు" అంది. డోలు పెద్దాయన ముఖం అప్పుడు చూడాల్సింది. కొడుకును పొగిడితే తండ్రికి ఎంత సంతోషమో, తనను తగ్గించినా సరే!

ఇంకో తమాషా. ఆ మరునిమిషంలోనే కరెంటు వచ్చింది. మైకు గుర్రుమని సినిమా పాట ఎత్తుకుంది. నాలుగు వందల మందీ ఒకటే గొంతు, "ఆపరా నాయనా దాన్ని!" అని. బిరుదులూ సన్మానాలూ తరవాత సంగతి, దీనికి మించిన మెప్పు ఇంకేముంది చెప్పండి?

ముహూర్తం వేళకు గట్టిమేళం మామూలే. పంతులుగారు వేలు ఎత్తగానే రాగం గీగం లేకుండా అందరూ ఒక్కసారిగా దడదడలాడించేస్తారు. తాళి కట్టేటప్పుడు తుమ్ములు, ఏడుపులు, చెడుమాటలు చెవిన పడకూడదని పెద్దలు పెట్టింది. మనలో చాలామందికి మేళమంటే ఆ ఒక్క నిమిషమే. చప్పుడు కోసం పెట్టుకున్న మనుషులన్నమాట. వాళ్ళకు సంగీతం వచ్చునని మనకు గుర్తుండదు.

ఇది ఎవరినో అనడం లేదు, నన్ను నేనే అనుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

భోజనాలప్పుడు నేను మేళంవాళ్ళకు మొదటి పంక్తిలో విస్తళ్ళు వేయించాను. మా ఆడపడుచుకు కొంచెం కోపం వచ్చింది, మగపెళ్ళివారు కూర్చోకముందే వీళ్ళా అని. "వాళ్ళు మళ్ళీ తలంబ్రాల తరవాత ఊరేగింపుకు ఊదాలి వదినా, కడుపులో ఏమీ లేకుండా ఊపిరెక్కడి నుంచి వస్తుంది?" అన్నాను. ఓళిగ మీద నెయ్యి వేస్తుంటే, తాళాల ముసలాయన తలెత్తి నన్ను చూసి, "మార్కాపురం అమ్మగారు కదా. మీ పెద్దపాప పెళ్ళికి మేమే వచ్చినాం" అన్నాడు. నెయ్యిగిన్నె చేతిలోనే ఆగిపోయింది.

ఆరేళ్ళ కిందట మా పెద్దమ్మాయి పెళ్ళి మార్కాపురంలో చేశాం. అప్పుడు సన్నాయి ఊదింది ఈయనేనట. నాకు ముఖం గుర్తులేదు. ముఖం గుర్తుపెట్టుకునేంత సేపు నేను చూడనేలేదు! గుర్తున్నవి వేరే. వాళ్ళను జనరేటరు పక్కన కూర్చోబెట్టాం. చోటు అక్కడే మిగిలింది మరి. ఆ పొగలో, ఆ రొదలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వాయించారు. ఒకచోట ఆయన ఏదో రాగం సగంలో ఉండగా, ఫొటోలవాళ్ళు మాట వినపడటం లేదంటున్నారని నేనే వెళ్ళి, "ఇంక చాల్లే పెద్దాయనా, ఆపండి" అన్నాను. ఆయన వెంటనే ఆపేశాడు. పీక తీసి, తుడిచి, దారానికి కట్టుకున్నాడు. అందరి భోజనాలూ అయ్యాక వాళ్ళు కూర్చుంటే గారెలు అయిపోయాయి, కూర అడుగంటింది. పెరుగన్నంలోకి ఊరగాయ ఉందా అని ఎవరో అడిగితే, వడ్డించే పిల్లాడు చూసొస్తానని పోయి మళ్ళీ రాలేదు. అప్పగింతలకు ఇంకా రెండు గంటలుందని, కూలి లెక్క పెరుగుతుందని మా వారు డబ్బులిచ్చి పంపేశారు.

ఆ పెళ్ళి వీడియో మా ఇంట్లో ఉంది. అందులో మేళంవాళ్ళు కనపడతారు, బుగ్గలు పొంగుతుంటాయి, చేతులు ఆడుతుంటాయి. వినపడేది మాత్రం సినిమా పాట. వీడియోవాళ్ళు మేళం గొంతు తీసేసి పాటలు అతికించారు. ఆరేళ్ళుగా చూస్తున్నా నాకు అందులో లోపమేమీ తోచలేదు సుమండీ!

అవన్నీ ఆయన ఎత్తలేదు. నేనే నసుగుతూ, "ఆరోజు మీకు సరిగా..." అన్నాను. "యాడైనా అంతేలేమ్మా" అని ఓళిగ తుంచుకున్నాడు. పైన రెండు పళ్ళు ఊడాక పీక మీద పట్టు నిలవదట, అందుకే కొడుకులకు సన్నాయి అప్పజెప్పి తాను తాళాలు పట్టుకున్నాడట. అంటే మా అమ్మాయి పెళ్ళి ఆయన ఊదిన చివరి పెళ్ళిళ్ళలో ఒకటి. ఆ రాగం నేనే ఆపించాను.

భోజనాలయ్యాక కాసేపు వాళ్ళ దగ్గరే కూర్చున్నాను. ఆడవాళ్ళం వాద్యాల దగ్గరికి పోయి అడిగేదేముంటుందని మనకు మొహమాటం. అడిగితే వాళ్ళకెంత సంబరమో! నాదస్వరానికి వేళ్ళు ఆడించే రంధ్రాలు ఏడే. కింద ఇంకో ఐదుంటాయి, అవి శ్రుతి సరిచేసుకోవడానికట. ఒక్క మీట లేదు, బిరడా లేదు. సగం స్వరాలు, పావు స్వరాలు అన్నీ పెదవి బిగువుతోనూ, ఊపిరి హెచ్చుతగ్గులతోనూ, వేలు సగం తీసీ పలికించాలి. పీక రెల్లులాంటి గడ్డితో చేస్తారు. అది తేమగా ఉండాలి, ఎండితే పలకదు, నానితే మొండికేస్తుంది. మన ఇడ్లీపిండి లాగా, ఏ రోజు ఎట్లా ఉంటుందో ఆ రోజే తెలుస్తుంది. అందుకే నాలుగైదు పీకలు దారానికి గుచ్చి సన్నాయికి వేలాడదీసుకుంటారు. నేను అది అలంకారమనుకున్నాను ఇన్నాళ్ళూ!

కర్ర కూడా ఏదిపడితే అది కాదు. ఆచ్చా అనే చెట్టు కర్ర, అదీ పచ్చిది పనికిరాదు, పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే దూలాల్లాంటి బాగా ఆరిన కర్ర కావాలి. తంజావూరు వైపు నరసింగంపేట అనే ఊళ్ళో తరతరాలుగా ఇవి చేస్తారు. వాళ్ళ నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, బందరు లడ్డుకు వచ్చిందే, అట్లాంటిది. డోలుకు పనసకర్ర. ఎడమవైపు పుల్లతో కొడతారు, కుడివైపు వేళ్ళతో. వేళ్ళకు గుడ్డపేలిక, జిగురు కలిపి చుట్టి గట్టిపరిచిన తొడుగులు. కుర్రాడు తొడుగులు తీసి చెయ్యి చూపించాడు. వేళ్ళ కణుపులు నల్లగా కాయలు కాచి ఉన్నాయి. మా ఇంట్లో ఆ వయసు పిల్లాడు మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తాను ముంచుకోడు.

ముసలాయన సాయెబు. ఆయన కొడుకులు ఊదేది గుళ్ళోనూ, పెళ్ళిళ్ళలోనూ. డోలు తండ్రీకొడుకులు నాయీబ్రాహ్మణులు. మూడు తరాలుగా రెండు కుటుంబాలూ కలిసే మేళం కడుతున్నాయట. సాయెబులు గుళ్ళో సన్నాయి ఊదడమేమిటని మన పిల్లలు వింతపడతారేమో గానీ, మన ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్నదే. షేక్ చినమౌలానా గారి పేరెత్తగానే ముసలాయన తింటున్న వక్కపలుకు పక్కన పెట్టి, రెండు చెవులూ తాకి దండం పెట్టుకున్నాడు.

చినమౌలానా గారిది మన ఒంగోలు దగ్గర కరవది. 1924లో పుట్టారు. చిలకలూరిపేటలో ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ మీద మక్కువతో తమిళదేశం పోయి నాచ్చియార్‌కోయిల్ అన్నదమ్ముల దగ్గర మళ్ళీ మొదటి నుంచి శిష్యరికం చేశారు. అప్పటికే పేరున్న విద్వాంసుడు మళ్ళీ శిష్యుడై కూర్చోవడం మాటలా? 1964లో శ్రీరంగం చేరి, రంగనాథస్వామి నీడలో అక్కడే ఉండిపోయారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి. 1982లో అక్కడే శారద పేరు మీద నాదస్వర ఆశ్రమం పెట్టి పిల్లలకు నేర్పారు. 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులే కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులు. ఇద్దరికీ కలిపి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని నాదస్వరం ఊదుతారు. ఆడమనిషికి ఆ ఊపిరి ఎట్లా చాలుతుందనే సందేహం మనలో ఎవరికైనా ఉంటే, ఆమె కచేరీ ఒక్కసారి వింటే చాలు.

ఒకటి మాత్రం నన్ను గుచ్చింది. కరవది పిల్లాణ్ణి విని, మెచ్చి, నెత్తిన పెట్టుకున్నది శ్రీరంగంవాళ్ళు. మనం? మన జిల్లాలో ఆయన పేరు తెలిసినవాళ్ళెంతమంది? నాకే ఈ పెళ్ళయ్యేదాకా సరిగా తెలియదు. మా పక్కింటావిడ గారైతే, "మౌలానా అంటే మతగురువు కదండీ?" అంది.

సరే, మళ్ళీ పెళ్ళిలోకి వస్తాను. ఊరేగింపులో కుర్రకారు డీజే పెట్టారు, వద్దంటే వింటారా? ఆ పెట్టెల దెబ్బకు మా అత్తగారు గుండె పట్టుకుని లోపలికి పోయింది. అయితే బస్టాండు మలుపు దగ్గర పెళ్ళికొడుకు స్నేహితులే డీజేవాణ్ణి ఆపమని, డోళ్ళు ముందుకు తెప్పించారు. పొద్దుటి రుచి మరిగారు గదా! డోలు మెడకు తగిలించుకుని తండ్రీకొడుకులు నడుస్తూ వాయించారు. పిల్లలు, పెద్దలు చుట్టూ చేరి ఎగిరారు. మా వారు కూడా కండువా ఊపారు. మా వారు! నా పెళ్ళిలో ఫొటోకు కూడా నవ్వని మనిషి.

అప్పగింతల వేళ మాత్రం డోళ్ళు ఆగాయి. సన్నాయి ఒక్కటే, చాలా నెమ్మదిగా, పక్క గదిలో ఎవరో పాడుతున్నట్టు ఊదాడు. నీలాంబరి అని తరవాత చెప్పాడు, జోలపాటల రాగమట. పాలలో పిల్ల చేతులు ముంచి అత్తగారి చేతిలో పెట్టే సమయం. పుట్టినప్పుడు నిద్రపుచ్చిన రాగంతోనే పంపించడం... మా ఆడపడుచు అంతదాకా పనుల హడావిడిలో బిగదీసుకుని తిరిగిన మనిషి, కూలబడిపోయి ఏడ్చింది. అందరం ఏడ్చాం. ఏడ్చాక తేలికపడ్డాం. మా పెద్దమ్మాయి నా పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నా పెళ్ళిలో ఇట్లా వాయించలేదే?" అంది. నేను పంపించేశానని చెప్పలేకపోయాను. ఇది చదివాక తెలుస్తుంది.

ఆ డోలు ఘట్టం ఎవరో సెల్‌ఫోనులో పట్టారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుక్కు పంపాను. వాడు వెంటనే ఫోను చేసి, "అత్తా, ఇది అచ్చం ఇక్కడి జాజ్ బ్యాండులాగా ఉంది" అన్నాడు. అక్కడ న్యూ ఆర్లియన్స్ అని ఒక ఊరుందట, జాజ్ సంగీతం పుట్టిల్లు. నల్లవాళ్ళ పేటల్లో నుంచి వచ్చిన సంగీతం. 1901లో ఆ ఊళ్ళోనే ఒక పేదింట పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ ఊది లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ ఊళ్ళో ఎవరైనా పోతే బ్యాండు శవం వెంట మెల్లగా విషాదంగా వాయిస్తూ పోతుందట. సాగనంపాక మాత్రం హుషారుగా వాయిస్తూ తిరిగొస్తుందట. దారిన పోయేవాళ్ళంతా వెనక చేరి రుమాళ్ళు ఊపుతూ, గొడుగులు ఎగరేస్తూ ఆడతారట. ముందు బ్యాండూ, బంధువులూ, వాళ్ళ వెనక చేరిన జనానిది రెండో వరస. ఆ రెండో వరసకు కూడా ఒక పేరుంది, మర్యాద ఉంది. ఇక కచేరీలలో ఒక్కొక్కరు వంతులవారీగా సొంతంగా అల్లి వాయిస్తారు. ఒకడి వంతు అవగానే, పాట నడుస్తుండగానే జనం చప్పట్లు కొడతారు. అది మర్యాద తప్పడం కాదు, అదే మర్యాద.

మన దగ్గరా అంతేగా! కీర్తన మధ్యలో శభాష్ అంటే విద్వాంసుడు కోప్పడడు, ఉత్సాహపడతాడు. మనమే నోరు కట్టేసుకున్నాం. కూర బాగుంటే బాగుందని చెప్పని మొగుణ్ణి మనం ఎంతగా ఆడిపోసుకుంటాం? ముప్పై ఏళ్ళు వండినా ఒక్క మాట రాదని ఎన్నిసార్లు ఒకరికొకరం చెప్పుకుని ఉంటాం? మేళంవాళ్ళదీ అదే బాధ. పైగా వాళ్ళకు ఇంకో పూట ఉండదు, ఆ పెళ్ళి అయితే అయిపోయినట్టే.

ఇందులో బతుకుతెరువు సంగతీ ఉంది. ఆషాఢాలు, మూఢాలు, శూన్యమాసాలు పోగా ఏడాదిలో పెళ్ళి ముహూర్తాలు ఎన్నుంటాయి? డోలు కుర్రాడు మిగతా రోజుల్లో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో చేస్తాడు. "వచ్చే ఏడాది హైదరాబాదు పోతానంటాండమ్మా, ఆడ జీతం ఎక్కువంట" అని తండ్రి నాతో అన్నాడు, వాడు వినకుండా. వాడు వెళ్ళిపోతే ఆ జవాబు దెబ్బలు ఎవరు వాయిస్తారు? ఒక్క డోలుతో వాదన నడవదు గదా. పోవద్దని చెప్పడానికి మనమెవరం, వాడి కడుపు మనం నింపుతామా? కానీ వాడు ఆ రోజు మా అత్తగారి నోటును ఖర్చుపెట్టకుండా డోలు గుడ్డసంచీలో దాచుకోవడం నేను చూశాను.

ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న సోదరీమణులకు, నేను చెయ్యనివి చెప్తున్నాను. పందిరి లెక్కలు వేసుకునేటప్పుడే మేళానికి చోటు అనుకోండి, స్టేజీకి పక్కన, పంతులుగారి వేలు వాళ్ళకు కనపడేటట్టు, గాలి తగిలేటట్టు. ఫ్యాను గాలి నేరుగా మాత్రం తగలకూడదు, పీక ఎండిపోతుంది. ఊదేవాళ్ళకు ఐసు వేసిన షర్బతులు వద్దు, గోరువెచ్చని నీళ్ళో, టీనో ఇవ్వండి. విస్తరి ముందే వేయించండి. మైకతనికి, వీడియో అతనికి ఒక అరగంట మేళానిదని ముందే చెప్పి ఉంచండి. వీడియోలో మేళం గొంతు తీసెయ్యొద్దని మరీమరీ చెప్పండి. బేరం ముందే ఒప్పుకుని, చివర్లో నసగకుండా ఇచ్చేయండి. తాంబూలంలో పెట్టి ఇస్తే మరీ మంచిది. అన్నిటికంటే ముందు, ఒక్కరైనా ఎదురుగా కూర్చోండి. ఎవరికీ తీరదంటారా? ఇంట్లో ముసలమ్మలు ఉంటారు గదా, ఒక మూల కుర్చీలో వేసి మరిచిపోతామే, వాళ్ళను తెచ్చి మేళం ముందు కూర్చోబెట్టండి. ఎక్కడ శభాష్ అనాలో వాళ్ళకు తెలుసు.

మా చిన్నమ్మాయికి సంబంధం కుదిరింది. శ్రావణంలో పెళ్ళి, మార్కాపురంలోనే. ముహూర్తం పెట్టుకోగానే మండపం కంటే ముందు మేళంవాళ్ళకు ఫోను చేశాను. అప్పగింతలు అయ్యేదాకా ఉండాలని, నీలాంబరి తప్పకుండా వాయించాలని చెప్పి, అడ్వాన్సు పంపించాను. కుర్రాడు ఉన్నాడా అని అడిగితే, ముసలాయన "శ్రావణం దాకా ఉంటాడంటమ్మా, తరవాత సంగతి తెలీదు" అన్నాడు.

ఫోను పెట్టేయబోతూ ఆగి, "అమ్మా, ఒక మాట" అన్నాడు. డబ్బు సంగతేమో అనుకున్నాను.

"జనరేటరు యాడ పెడతారు?" అన్నాడు.